గోల్డెన్ జూబ్లీలో ఆ ‘జూబ్లీ’ ఎక్కడిది?

ప్రశ్న: మా ఊరి హైస్కూలు 1976 జూన్‌లో మొదలైంది. నేను అక్కడే చదువుకుని, ఇప్పుడు అక్కడే సోషల్ టీచరుగా ఉన్నాను. యాభై ఏళ్ల వేడుక కోసం పూర్వ విద్యార్థులు కమిటీ వేసి, సావనీర్ పనీ స్టేజీ మీద యాంకరింగూ నాకు అప్పగించారు. బ్యానర్ దగ్గరే గొడవ మొదలైంది. ‘గోల్డెన్ జూబ్లీ’ అని డిజైన్ పెడితే, మాకు చదువు చెప్పిన తెలుగు మాస్టారు “అది బైబిల్ మాట, మనకెందుకు? స్వర్ణోత్సవం అనండి” అన్నారు. ఒకాయన అది నవాబుల మాట అన్నాడు. ఇంకొకరేమో “జూబిలేషన్ అంటే విజయానందం, అందులోంచే జూబ్లీ వచ్చింది, ఇందులో మతం ఏముంది?” అన్నారు. ఈ వాదనల్లో మా బ్యాచ్‌మేట్ ఒకామె, క్రైస్తవురాలు, నొచ్చుకుని వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయింది. అసలు ఈ మాట ఎక్కడిది? జూబిలేషన్‌కు తెలుగులో సరైన మాట ఏది? బ్యానర్ మీద ఏం రాయమంటారు? యాభై నిండాక చెయ్యాలా, యాభయ్యో ఏట అడుగుపెట్టగానే చెయ్యాలా అన్నదీ తేలలేదు. టెన్షన్‌గా ఉంది.
— ఒక టీచరు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: టీచర్ గారూ, మాట సంగతి తర్వాత. ముందు మీ బ్యాచ్‌మేట్‌కు ఫోన్ చెయ్యండి. గ్రూపులో ‘సారీ’ మెసేజ్ పెట్టి ఊరుకోకండి, మళ్లీ లింకు పంపి ‘జాయిన్ అవ్వు’ అని కూడా అనకండి. మీరే ఫోన్ చేసి మాట్లాడండి. బ్యానర్ మీద ఏ మాట ఉండాలో ఆమెను అడగొద్దు. ఆమె అక్కడ ఒక మతానికి ప్రతినిధిగా రాలేదు, మీతోపాటు అదే బెంచీ మీద కూర్చున్న మనిషిగా వచ్చింది. సావనీర్‌లో పాత ఫొటోలు పోగుచేసే పనో, మీ బ్యాచ్ వాళ్ల అడ్రసులు వెతికే పనో ఆమెతో కలిసి చేయండి. నొచ్చుకున్న మనిషికి వివరణల కన్నా చేతిలో పని పెడితే తొందరగా తేరుకుంటుంది.

ఇక మాట సంగతి. మీ కమిటీలో ముగ్గురూ తలా కొంత నిజం చెప్పారు, ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

మాస్టారు చెప్పింది కరెక్టే. జూబ్లీ మూలం హీబ్రూలో ‘యోవేల్’ అనే మాట. యోవేల్ అంటే పొట్టేలు, దాని కొమ్ముతో చేసిన బూర కూడా. బైబిల్లో యెరికో పట్టణం గోడలు కూలిన కథలో యాజకులు, అంటే పూజారులు, ఊదినవి ఈ పొట్టేలు కొమ్ము బూరలే. మన జాతరల్లో కొమ్ముబూర విన్నవాళ్లకు ఆ శబ్దం ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం ఏడేడుల నలభై తొమ్మిదేళ్లు గడిచాక, ఏడో నెల పదో రోజున, దేశమంతటా ఆ బూర ఊదాలి. దాంతో యాభయ్యో ఏడు మొదలైనట్టు. ఆ ఏడాదికి బూర పేరే వచ్చింది.

బూర వినగానే జనం సంతోషించడానికి కారణం ఉంది. ఆ ఏడాది అప్పుల వల్లో పేదరికం వల్లో అమ్ముకున్న భూమి తిరిగి సొంతదారు కుటుంబానికి రావాలి. తనను తాను అమ్ముకుని ఇంకొకరి ఇంట్లో పని చేస్తున్నవాడు పిల్లాపాపలతో తన ఇంటికి వెళ్లిపోవాలి. ఆ ఏడు విత్తకూడదు, కొయ్యకూడదు. అంటే భూమికీ సెలవే. లెక్క కూడా పకడ్బందీగా ఉంది. పొలం కొనేటప్పుడు తర్వాతి యోవేల్‌కు ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో చూసి ధర కట్టాలి. ఎక్కువ ఏళ్లుంటే ఎక్కువ, తక్కువ ఏళ్లుంటే తక్కువ. కొన్నవాడు కొన్నది పంటలనే తప్ప నేలను కాదు. ప్రాకారం ఉన్న పట్నంలోని ఇల్లు మాత్రం వేరు: అమ్మిన ఏడాదిలోగా విడిపించుకోకపోతే అది కొన్నవాడిదే. మీరు సోషల్ టీచరు కాబట్టి ఈ భాగం మీకు నచ్చుతుందనుకుంటాను. కౌలు, తాకట్టు, రుణమాఫీ అన్న మాటలు నిత్యం వినే గోదావరి జిల్లాల వాళ్లకు ఇది అర్థం కావడానికి ఏ పండితుడూ అక్కర్లేదు. ఈ చట్టం ఎంతవరకు అమలైందన్నది పరిశోధకులు ఇప్పటికీ వాదించుకునే విషయం. మాట మాత్రం మిగిలింది.

జూబిలేషన్ సంగతి వేరు. మీ మూడో మిత్రుడు పొరపడింది ఇక్కడే. అది హీబ్రూది కాదు, లాటిన్ మాట ‘యూబిలారే’ నుంచి వచ్చింది. ఆ మాటకు అర్థం కేక పెట్టడం. అదీ పల్లెటూరి కేక. క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దంలో వారో అనే రోమన్ పండితుడు లాటిన్ మాటల గురించి రాస్తూ, పట్నం వాళ్లు గొంతెత్తి అరిస్తే ఒక మాట, పల్లె వాళ్లు అరిస్తే యూబిలారే అని తేడా చూపించాడు. పొలం గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు వేసే కేక అన్నమాట. అందులో దేవుడూ లేడు, రాజూ లేడు, యాభై అనే అంకె అసలే లేదు.

తర్వాత నాలుగైదు వందల ఏళ్లకు ఉత్తర ఆఫ్రికాలో అగస్టీన్ అనే బిషప్పు ఈ కేక గురించి ఒక అందమైన పరిశీలన చేశాడు. కోత కోసేవాళ్లు, ద్రాక్షలు తెంపేవాళ్లు పని చేస్తూ పాట ఎత్తుకుంటారు. మొదట్లో పాటలో మాటలుంటాయి. సంతోషం పొంగేకొద్దీ మాటలు చాలవు. అప్పుడు అక్షరాలు వదిలేసి ఉట్టి గొంతుతో రాగం తీస్తారు. ఆ మాటల్లేని ధ్వనినే ఆయన ఈ పేరుతో పిలిచాడు. చర్చి సంగీతంలో ‘అల్లెలూయా’ చివరి అచ్చును పట్టుకుని ఎంతో సేపు సాగదీసే పద్ధతి ఒకటుంది. దాన్ని ‘యూబిలుస్’ అంటారు. మన పడవవాళ్ల ‘హైలెస్సా’కు అర్థం అడిగితే ఎవరు చెబుతారు? అర్థం అడగరు, అందుకుంటారు అంతే.

మరి యోవేల్, యూబిలారే ఒకటెలా అయ్యాయి? అనువాదం చేస్తూ చేస్తూ కలిసిపోయాయి. హీబ్రూ గ్రంథాన్ని గ్రీకులోకి తెచ్చినవాళ్లు యోవేల్ దగ్గర బూరను వదిలేసి ‘విడుదల’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. నాలుగో శతాబ్దం చివర బెత్లెహేములో కూర్చుని లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ అలా చేయలేదు, హీబ్రూ శబ్దాన్నే ఉంచేశాడు. ఆ శబ్దం లాటిన్ వాళ్ల చెవికి, అప్పటికే నోట్లో నలిగిన యూబిలారేలా వినిపించింది. రానురాను ‘యో’ కాస్తా ‘యూ’ అయింది. ‘హాస్పిటల్’ మన నోట ‘ఆసుపత్రి’ అయి, ఏదో పత్రీ పసరూ దొరికే చోటులా వినిపించడం లేదూ, అలాగే. యాభయ్యో ఏటి బూరా, పొలం కేకా కలిసి ఒకే మాటై ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరాయి. కాబట్టి జూబిలేషన్‌లోంచి జూబ్లీ పుట్టలేదు. రెండూ వేరువేరు ఇళ్లలో పుట్టి, ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలు.

ఇప్పుడు మాస్టారి కోసం ఒక విషయం దాచి ఉంచాను. తెలుగు బైబిల్ పాత అనువాదం తీసి లేవీయకాండం 25వ అధ్యాయం చూడండి. అందులో జూబ్లీ అన్న మాటే ఉండదు. ‘సునాదము’ అని ఉంటుంది, ఆ ఏడాది ‘సునాద సంవత్సరము’. కీర్తనల్లో లాటిన్ వాళ్లు ‘యూబిలాతే’ అన్న చోట, అంటే నూరో కీర్తన మొదట్లో, తెలుగులో ‘ఉత్సాహధ్వని’ అని ఉంటుంది. లాటిన్‌లో కలిసిపోయిన రెండు మాటలు తెలుగులో మళ్లీ విడిగా, దేని పేరుతో అది వచ్చాయి. రెండింటిలోనూ శబ్దం ఉండనే ఉంది, ఒకదాంట్లో నాదం, ఇంకోదాంట్లో ధ్వని. అంత నిక్కచ్చిగా మాట ఎంచిన అనువాదకులకు దండం పెట్టాలనిపిస్తుంది.

మాస్టారితో వాట్సాప్‌లో వాదించొద్దు. ఒక సాయంత్రం ఇంటికి వెళ్లి, ఈ రెండు మాటలూ చూపించి “మాస్టారూ, సునాదం అనే మాట ఎలా ఉందండీ?” అని అడగండి. తెలుగు చెప్పినాయన కదా, మతం మాట పక్కన పెట్టి సమాసం విడదీయడం మొదలుపెడతారు. సావనీర్‌కు పేరు కావాలంటే ‘సునాదం’ పెట్టమని ఆయనే అన్నా నేను ఆశ్చర్యపోను. నా ఓటు కూడా దానికే.

నవాబుల మాట అన్నాయన సంగతి. ఆయనా గాలిలోంచి తీసి చెప్పలేదు. మధ్యలో జరిగింది చెబుతాను. 1300లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ రోములో జూబ్లీ ఏడాది ప్రకటించి, నూరేళ్లకోసారి అన్నాడు. అంతకాలం ఎవరు ఆగుతారు? 1350కల్లా యాభై ఏళ్లకు దించారు, తర్వాతి శతాబ్దంలో పాతికకు దించారు. ఇప్పటికీ రోములో మామూలు జూబ్లీ పాతికేళ్లకోసారే, మొన్న 2025లోనూ జరిగింది. అక్కడినుంచి మాట రాజుల చేతికి వచ్చింది. బ్రిటన్‌లో మూడో జార్జి రాజుకు 1809లో యాభయ్యో ఏటి జూబ్లీ చేశారు. విక్టోరియా రాణికి 1887లో గోల్డెన్ జూబ్లీ, 1897లో అరవై ఏళ్లకు డైమండ్ జూబ్లీ. పాతికకు వెండి, యాభైకి బంగారం అన్న లెక్క యూరప్‌లో పెళ్లిరోజుల ఆచారంలోది, జర్మన్ ప్రాంతాల్లో బాగా పాతుకుపోయినది. అది తెచ్చి సింహాసనానికి తగిలించారు.

మన దేశానికి ఈ మాట రాణితోపాటే గట్టిగా వచ్చింది. మీకు దగ్గర్లోనే సాక్ష్యం ఉంది. విజయవాడలో ఇప్పటి బాపు మ్యూజియం ఒకప్పటి విక్టోరియా జూబ్లీ మ్యూజియం, 1887 నాటి గోల్డెన్ జూబ్లీ గుర్తుగా కట్టింది. 1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన చోటుగా చెప్పేదీ దాన్నే. రాణి పేరిట కట్టిన భవనంలో స్వరాజ్యం జెండా! ఇక హైదరాబాద్ వైపు చూస్తే, 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం రజతోత్సవం 1936లో రావాలి. ఆ జనవరిలో ఐదో జార్జి చక్రవర్తి పోవడంతో వాయిదా పడి 1937 ఫిబ్రవరిలో జరిగింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీ హాల్ పేరు ఆ సందర్భానిదే. జూబ్లీ హిల్స్‌లో స్థలం కొనేవాడు రేటు అడుగుతాడు గానీ పేరు గురించి ఎందుకు అడుగుతాడు? అమ్మిన భూమి ఉట్టినే తిరిగొచ్చే ఏడాది పేరు, భూమి ధర వింటేనే గుండె ఆగే పేటకు పెట్టారని తెలిస్తే నవ్వుకుంటాడు, లేదా ఏడుస్తాడు.

కానీ మన జనానికి ఈ మాటను నిజంగా దగ్గర చేసింది పోపూ కాదు, రాణీ కాదు, నిజామూ కాదు. సినిమా హాలు. వంద రోజులాడితే శతదినోత్సవం, పాతిక వారాలు, అంటే 175 రోజులాడితే సిల్వర్ జూబ్లీ, యాభై వారాలాడితే గోల్డెన్ జూబ్లీ. సంవత్సరాల లెక్కను వారాల్లోకి దించింది మన ఊళ్ల వాల్‌పోస్టరు. ఆ పోస్టరు చూసి ఇది ఏ మతం మాట అని ఎవరైనా అడిగారా? మీ మాస్టారు కూడా టికెట్టు కొనుక్కుని వెళ్లే ఉంటారు. ఈ మాట మాత్రం ఆయనతో అనకండి, పని చెడుతుంది.

‘స్వర్ణోత్సవం’ మన సంప్రదాయం, ‘జూబ్లీ’ పరాయిది అన్న వాదన గురించి నిర్మొహమాటంగా ఒక మాట. స్వర్ణమూ ఉత్సవమూ సంస్కృతమే, కాదనను. కానీ యాభైకి బంగారం కట్టే అలవాటు మాత్రం గోల్డెన్ జూబ్లీ నుంచి వచ్చినదే. మన పాత లెక్కలు వేరు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ల చక్రం, మనిషికి షష్టిపూర్తి, నదికి పన్నెండేళ్ల పుష్కరం. యాభై మనకు ప్రత్యేకమైన అంకె కాదు. వజ్రోత్సవానికైతే లెక్కే కుదరలేదు. రాణిగారి లెక్కలో అది అరవై. మన తెలుగు సినిమాకు 2007లో వజ్రోత్సవం చేసింది 75 ఏళ్లకు. 2022లో దేశ స్వాతంత్ర్యానికి అదే 75 నిండితే తెలంగాణ ప్రభుత్వం వజ్రోత్సవాలంటే కేంద్రం అమృత మహోత్సవం అంది. స్వర్ణోత్సవం అన్నది అంతకన్నా నయం, అందరికీ యాభై అనే తెలుసు. మంచి మాట, నిండుగా ఉంటుంది. వాడండి. పవిత్రమైనదని మాత్రం వాడకండి.

నా సలహా అడిగారు కాబట్టి: ఆహ్వాన పత్రిక, బ్యానర్ మీద పెద్ద అక్షరాల్లో ‘స్వర్ణోత్సవం’, కింద ‘1976–2026’. స్టేజీ మీద, ఆటో మైకులో ‘గోల్డెన్ జూబ్లీ’ నిస్సంకోచంగా అనండి, ఊళ్లో జనం అనేది అదే కాబట్టి. ఒకే మాట ఉండాలని పట్టుబట్టడం కమిటీలకున్న జబ్బు.

జూబిలేషన్‌కు తెలుగు మాట అడిగారు. ఒక్క మాట కోసం వెతికితే నిఘంటువులు ‘విజయోత్సాహం’, ‘జయజయధ్వానం’ చూపిస్తాయి. తప్పు కాదు, పట్టుపంచె కట్టుకున్న మాటలు. నేను రోజూ వాడేది ‘కేరింత’. కేరడం అంటే సంతోషంతో గొంతు చేసుకోవడం, దాన్నుంచే కేరింత. యూబిలారేకు ఇంతకన్నా దగ్గరి చుట్టం తెలుగులో నాకు కనిపించలేదు. కబడ్డీలో ఆఖరి పాయింటు వచ్చినప్పుడు పిల్లలు కొట్టేవి కేరింతలే, ‘విజయోత్సాహం ప్రదర్శించారు’ అంటే పోలీసు రిపోర్టులా ఉంటుంది. ఊరంతా కలిసి చేసుకునేదైతే సంబరం. ఎన్నికల ఫలితాల రోజు పేపర్లో ‘విజయదుందుభి మోగించారు’ అని చదువుతాం. దుందుభి అంటే పెద్ద భేరి, అదీ శబ్దమే. ‘అట్టహాసంగా ప్రారంభం’ అని రాస్తారు చూడండి, అట్టహాసం అంటే మొదట పెద్దగా నవ్వడం. ఇప్పుడందులో నవ్వు పోయి టెంటూ లైటింగూ మిగిలాయి. స్టేజీ మీద యాంకరింగ్‌లో మీకు పనికొచ్చేవి కేరింత, సంబరం. ‘ఆనందోత్సాహాల నడుమ’ అన్నది మాత్రం ఒక్కసారికి మించి వాడితే మైకు లాక్కుంటారు.

యాభై నిండాకా, ముందా అన్నదానికి రెండు వైపులా సాక్ష్యం ఉంది. మూడో జార్జి 1760 అక్టోబరులో రాజయ్యాడు, జూబ్లీ 1809 అక్టోబరులో చేశారు. అంటే యాభయ్యో ఏట అడుగుపెట్టగానే. విక్టోరియా 1837 జూన్‌లో రాణి అయింది, 1887 జూన్‌లో చేశారు, యాభై నిండాక. మీ స్కూలుకు 2026 జూన్‌తో యాభై నిండుతాయి. కానీ జూన్ అంటే అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, వానలు. విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా రాలేరు. నిండిన తర్వాత వచ్చే సంక్రాంతి సెలవుల్లో పెట్టుకోండి. ఊళ్లు ఎలాగూ నిండి ఉంటాయి. నిజాం అంతటివాడే ఏడాది వాయిదా వేసుకున్నాడు.

సావనీర్‌లో ముందుమాటకు ఈ కింది ముక్క వాడుకోండి, మీ మాటల్లోకి మార్చుకోండి:

“జూబ్లీ అనే మాట మొదట ఒక బూర పేరు. యాభయ్యో ఏట ఆ బూర ఊదితే, ఊరు విడిచి వెళ్లినవాళ్లు ఇంటికి తిరిగి వచ్చేవారట, పోగొట్టుకున్న నేల మళ్లీ చేతికి వచ్చేదట. తెలుగులో దాన్ని సునాదం అన్నారు. మన బడి పెట్టి యాభై ఏళ్లయింది. ఇక్కడ చదివిన ప్రతి ఒక్కరూ, ఎంతవరకు చదివినా, ఒకసారి రండి.”

‘ఎంతవరకు చదివినా’ అన్న మాట దగ్గర ఆగండి. అది ఊరికే రాయలేదు. స్వర్ణోత్సవాలకు పిలుపులు ఎవరికి వెళతాయో మీకూ తెలుసు. అమెరికాలో ఉన్నవాడికి, కలెక్టరాఫీసులో ఉన్నవాడికి, విరాళం ఇచ్చేవాడికి. ఎనిమిదిలో పుస్తకాలు కట్టిపెట్టి చేపల చెరువు పనికి వెళ్లినవాడు, పది తప్పి కువైట్ వెళ్లినామె, తొమ్మిదిలో పెళ్లి చేసి పంపేసిన పిల్ల వాట్సాప్ బ్యాచ్ గ్రూపుల్లో ఉండరు, ఎందుకంటే ఆ గ్రూపులన్నీ ‘టెన్త్ బ్యాచ్’ పేరుతోనే ఉంటాయి. ఆఫీసు గదిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. అందులో పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, పక్కన టీసీ తీసుకున్న తేదీ, కారణం ఉంటాయి. ఏ ఏడుకా ఏడు మధ్యలో వెళ్లిపోయినవాళ్ల జాబితా రాయించండి. హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకోండి, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టనివ్వకండి. వీధికొకరికి పేర్లు పంచితే రెండు వారాల్లో సగం మందైనా దొరుకుతారు. ఈ పని మీ బ్యాచ్‌మేట్ చేతిలో పెడితే బాగుంటుంది. స్టేజీ మీద శాలువాలు ఎవరికి కప్పాలన్న గొడవ రేపు ఎలాగూ వస్తుంది. అప్పుడు ఈ జాబితాలోంచి నలుగురిని పిలవమని ముందే మినిట్స్‌లో రాయించుకోండి.

చివరగా ప్రింటు సంగతి. ఫ్లెక్సీ షాపులో ‘స్వర్ణోత్సవం’ టైపు చేస్తే కొన్ని ఫాంట్లలో ‘ర్ణో’ విడిపోయి ‘స్వర్‌ణోత్సవం’ అని పడుతుంది. ఫోన్‌లో చిన్న బొమ్మ చూసి ఓకే అనేస్తాం, ఇరవై అడుగుల మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రూఫు ఒకసారి మాస్టారికి చూపించి ప్రింటుకు పంపండి. తప్పు దొరికితే ఆయనకూ సంతోషమే.